గోడమీది పటము – గృహస్థధర్మము

క్రొత్తగా ఇల్లు కట్టుకొన్న గృహస్థునకు గోడల సున్నము ఆరకముందే ఒక ప్రశ్న ఎదురగును: ఈ తెల్లని గోడమీద ఏమి తగిలింపవలెను? చంద్రపూరు పట్టణమున తాడోబా పోవు దారిలో ఉన్న తుకుం వంటి పేటలలో ఈ ప్రశ్న ఇంటింట వినబడును. ఇల్లాలు పూలతోట చిత్రము బాగుండుననును. చదువుకొన్న కుమారుడు కంప్యూటరులో చూచి, గీతలు రంగులు తప్ప మఱేమియు లేని నవీన చిత్రమును తెప్పింపవలెననును. వృద్ధురాలగు తల్లి, ముందు భగవంతుని పటము పెట్టి తరువాత మీకు తోచినది పెట్టుకొనుడనును. వాస్తు చెప్పువారు పరుగెత్తు ఏడు గుఱ్ఱముల పటము ఫలానా దిక్కున ఉండవలెనని నిర్ణయింతురు. ఇంటి యజమాని అందరి మాటలు విని, చివరకు ఎంత ఖర్చగునని అడుగును.

ఇది అలంకరణ సంగతి, దీనిలో ధర్మవిచారణకు చోటెక్కడిది అని కొందరు అనవచ్చును. నీరు వడగట్టుట ఎట్లు, దీపము పెట్టుట ఎట్లు, ప్రొద్దు క్రుంకిన పిదప భోజనము చేయవచ్చునా, నేల నూడ్చు చీపురు ఎంత మెత్తనిదై ఉండవలెను అని విచారించిన ధర్మము మనది. దినమునకు నూరు పర్యాయములు కంటబడు వస్తువును గూర్చి మాత్రము విచారింపనక్కరలేదనుట ఎట్లు పొసగును? నోటిలోనికి పోవుదానిని శోధించి తినువారము; కంటిలోనికి పోవుదానిని శోధింపక విడుచుట న్యాయమా? గోడమీది పటము మాటాడదు. కాని ఇంటిలో రాత్రింబవళ్లు మేలుకొని ఉండునది అదియే. పిల్లలు అక్షరములు నేర్వకముందే దానిని చదువుదురు.

అసలు పటమనగా ఏమి? దీనికి సమాధానము మన తత్త్వశాస్త్రముననే కలదు. ఏ వస్తువునైనను గూర్చి మాటాడునపుడు నామము, స్థాపన, ద్రవ్యము, భావము అను నాలుగు విధములుగ విడదీసి చూడుమని ఆచార్యులు బోధించిరి. వీనికి నిక్షేపములని పేరు. రాజు అను మాటనే తీసికొందము. పేదవాని కొడుకునకు రాజయ్య అని పేరు పెట్టినచో అది నామము. రాజుగారి చిత్రమును చూపి ఈయన రాజు అన్నచో అది స్థాపన. రేపు పట్టాభిషేకము కావలసిన యువరాజును రాజు అన్నచో అది ద్రవ్యము. సింహాసనముపై కూర్చుండి ఇప్పుడు ఏలుచున్నవానిని రాజు అన్నచో అది భావము. స్థాపన మరల రెండు తెఱగులు. రూపము పోలినది ఒకటి, చిత్రపటము వంటిది. రూపము పోలనిది రెండవది, చదరంగములోని రాజు వంటిది. ఆ కొయ్యముక్కకు కన్నులు లేవు, కిరీటము లేదు, అయినను ఆట ముగియువరకు అది రాజే.

ఈ లెక్కలో మన గోడమీది పటము స్థాపన. అది వస్తువు కాదు, వస్తువును చూపు వ్రేలు. దీనినిబట్టి మనుష్యులు చేయు పొరపాట్లు రెండు కలవు. పటమునే వస్తువని భ్రమపడి, పటము ఉన్నది గనుక అన్నియు ఉన్నవని తృప్తిపడుట మొదటిది. కాగితమే కదా, రంగే కదా అని తలచి, దానిని ఎక్కడనైన పెట్టవచ్చును, ఎట్లయిన పారవేయవచ్చును అనుకొనుట రెండవది. ఈ రెండును లేకుండ పటమును ఎంచుకొని ఇంటనుంచుకొనుట ఎట్లు అన్నదే మన విచారణ.

ఆగమములు చిత్రముల శక్తిని తక్కువగ ఎంచలేదు. అలంకరించుకొన్న స్త్రీవైపు గాని, స్త్రీరూపము చిత్రించిన గోడవైపు గాని ముని తేఱిపాఱ చూడరాదనియు, చూపు పడినచో సూర్యునిమీదనుండి మరలించుకొన్నట్లు మరలించుకొనవలెననియు దశవైకాలిక సూత్రము విధించినది. చిత్రములున్న వసతిలో సాధుసాధ్వులు నివసింపరాదని బృహత్కల్ప సూత్రము చెప్పినది. మునులకు విధించిన నియమము గృహస్థునకు యథాతథముగ వర్తింపదు. కాని ఒక సంగతి తేటపడుచున్నది. సర్వమును విడిచిన మునికే చిత్రమువలన చలనము కలుగవచ్చునని ఆగమకర్తలు తలచినపుడు, ఏమియు విడువని మనకు కలుగదనుకొనుట అతిశయము. మఱియు, మహారాజులు విహారము చేయుచు వచ్చినపుడు తమ ఇంటిలో ఒక గదిని వసతిగ ఇచ్చు భాగ్యము కలవారు, ఆ గది గోడలనైన ఈ నియమము నెరిగి ఉంచవలెను.

చిత్రము మనస్సునేమి చేయునో జ్ఞాతాధర్మకథాంగములోని మల్లీ కథ చెప్పినంత తేటగ మఱేదియు చెప్పలేదు. మిథిలలో మల్లీ కుమారి తమ్ముడు మల్లదిన్నుడు ఒక చిత్రశాలను కట్టించెను. అందులో పనిచేయు చిత్రకారులలో ఒకనికి, ఏ ప్రాణిదైనను ఒక్క అవయవము కనబడినచో మొత్తము రూపమును వ్రాయగల నేర్పు కలదు. వాడు తెరచాటునుండి మల్లీ కాలి బొటనవ్రేలిని మాత్రము చూచి, ఆమె నిలువెత్తు రూపమును గోడమీద దించెను. మల్లదిన్నుడు చిత్రశాలకు వచ్చి, అక్కగారే ఎదుట నిలిచి ఉన్నదనుకొని సిగ్గుపడి వెనుకకు తగ్గెను. అది చిత్రమని దాది చెప్పగా, ఆ సిగ్గు కోపముగ మాఱి చిత్రకారుని చంపుమనెను. తోడి చిత్రకారులు వేడుకొనగా ప్రాణము విడిచి, వాని వ్రేలు కోయించి దేశమునుండి వెడలగొట్టెను. వాడు హస్తినాపురమునకు పోయి అదే రూపమును అదీనశత్రు రాజునకు చూపెను. చూచిన రాజు ఆమెను కోరెను. ఇట్లే వేఱువేఱు కారణములవలన మఱి ఐదుగురు రాజులు ఆమెను కోరి, కడకు ఆర్గురును మిథిలను ముట్టడించిరి.

చూడుడు, ఒక గోడమీది బొమ్మ ఒక యువకునకు సిగ్గును, కోపమును కలిగించినది. ఒకని వ్రేలిని తీసినది. ఒక రాజును యుద్ధమునకు నడిపినది. మల్లీ దీనికి మందు దేనితో చేసినది? మఱియొక బొమ్మతోనే. తన రూపమునే పోలిన బోలు బంగారు ప్రతిమను చేయించి, తలపైన రంధ్రముంచి, ప్రతిదినము తాను భుజించు ఆహారములో ఒక ముద్దను అందులో వేయించెను. ఆర్గురు రాజులు ఆ ప్రతిమను చూచి మోహించియున్న వేళ మూత తీయించెను. దుర్గంధము భరింపలేక వారు ఉత్తరీయములతో ముక్కులు మూసికొనిరి. బంగారు ప్రతిమలో వేసిన అన్నమే ఇట్లయినచో ఈ శరీరము సంగతి ఏమి అని ఆమె అడిగినపుడు వారికి వైరాగ్యము కలిగినది. దిగంబర సంప్రదాయమున మల్లినాథ స్వామి పురుషుడే. ఈ కథ శ్వేతాంబర ఆగమములోనిది. నీతి మాత్రము ఇరువురకును ఒక్కటే. మోహమును రేపినదియు ప్రతిమయే, మోహమును దించినదియు ప్రతిమయే. కనుక పటము మంచిదా చెడ్డదా అని అడుగుట తగదు. ఈ పటము నాలో దేనిని రేపుచున్నది, దేనిని దించుచున్నది అని అడుగవలెను.

ఇక మన ప్రాంతపు సంగతికి వత్తము. తాడోబా 1955 లో జాతీయ వనమైనది. తరువాత అంధారి అడవియు చేరి పులుల సంరక్షణ క్షేత్రమైనది. ఆ దారిలోనే ఉన్న తుకుంలో పులి బొమ్మ లేని వీధి అరుదు. ఇంటి గోడలమీద కూడ పులి ఛాయాచిత్రములు తగిలించు వాడుక పెరిగినది. జైనుని ఇంట పులి బొమ్మ ఉండవచ్చునా? ఉండవచ్చుననియే నా అభిప్రాయము. మహావీర స్వామి లాంఛనము సింహమే కదా. ఛాయాచిత్రమునకై ఎవరును ప్రాణము తీయలేదు. నీటిగుంట ఒడ్డున పిల్లలతో పరుండిన పులిని చూచినపుడు, తినుటకును, భయపడుటకును, పిల్లలను సాకుకొనుటకును మనవలెనే అదియు జీవమని తోచినచో అది అహింసకు పాఠమే.

కాని ఒకప్పుడు జమీందారుల హాలులలో గోడకు కొట్టిన పులిచర్మము, లేడితల, దుప్పికొమ్ము సంగతి వేఱు. చిత్రములోని పులి స్థాపన. చర్మము స్థాపన కాదు. అది ఆ పులి దేహమే. మొదటిది పులిని గుర్తు చేయును, రెండవది దానిని చంపినవాని గర్వమును గుర్తు చేయును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ధ్రువపత్రము లేక అట్టి వస్తువులు ఉంచుకొనుట నేరము. ధ్రువపత్రమున్నను పులిచర్మమును అమ్ముటకు వీలులేదు. చట్టమునకు వెఱచి తీసివేయుట మంచిదే. చట్టము లేకున్నను మన గోడమీద దానికి చోటుండకుండుట ఇంకను మంచిది.

చంపుట చిత్రములోనే జరిగినచో దోషమున్నదా? వేటచిత్రములు, రక్తము చిందు యుద్ధచిత్రములు అందముగ ఉండవచ్చును. దీనికి యశోధరుని కథ చూడవలెను. ఆ రాజు తల్లి మాట త్రోసివేయలేక, నిజమైన కోడిని చంపుటకు మనసొప్పక, పిండితో చేసిన కోడిని దేవికి బలియిచ్చెను. ప్రాణము పోలేదు, అయినను చంపుచున్నానను సంకల్పమునకు ఫలముగ తల్లియు కొడుకును జన్మజన్మల తిర్యగ్యోనులలో తిరిగిరి. ఈ కథను సోమదేవసూరి యశస్తిలక చంపువుగ 959 లో ముగించిన చోటు గంగాధర, అనగా నేటి కరీంనగరు జిల్లాలోని గ్రామము. చంద్రపూరునకు అది పరాయి సీమ కాదు. మన జిల్లాలోని రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిదే. పిండికోడిని పొడిచినందుకే అంత ఫలమున్నదని నమ్మినవారు, పొడుచుటను చూచి మెచ్చుకొను చిత్రమును పిల్లల గదిలో పెట్టుటకు వెనుకాడవలెను.

పటములోని విషయము నిర్దోషమైనను, పటము దేనితో చేయబడినదో కూడ అడుగవలెను. వర్తకులము, సరకు ఎక్కడిదని అడుగుట మనకు కొత్త కాదు. పట్టుగుడ్డమీద వ్రాసినదా, నూలుగుడ్డమీదనా? జిగురు జంతుచర్మముల నుడికించి తీసినదా, చెట్టు బంకయా? వెండిరేకు పాతకాలపు పద్ధతిలో ఎద్దు ప్రేగుల పొరల నడుమ సాగగొట్టినదా? మన తెలంగాణపు చేర్యాల నకాశీ పటములకు చింతగింజల గుజ్జు, సుద్ద, చెట్టు బంక వాడుట సొగసైన సంగతి. కాని కుంచెలకు ఉడుత వెండ్రుకలు వాడు ఆచారము కలదు. దారపు కుంచెతో వ్రాసి ఇమ్మని అడిగిన కొనుగోలుదారుని మాట ఏ చిత్రకారుడును కాదనడు. శ్రీకాళహస్తి కలంకారీ నూలుగుడ్డమీద వెదురుకలముతో, కరక్కాయ మొదలగు చెట్టురంగులతో వ్రాయుదురు. నెమలియీకలలో కూడ భేదము కలదు: తానుగ రాలినది వేఱు, పీకినది వేఱు. దిగంబర మునుల పింఛము రాలిన ఈకలతోనే కట్టుదురు.

ఆరు లేశ్యలను తెలుపు నేరేడుచెట్టు చిత్రము మనలో పలువురు చూచినదే. పండ్లకొఱకు ఒకడు చెట్టును మొదలంట నరుకుదమనును, ఒకడు పెద్దకొమ్మలను, ఒకడు చిన్నకొమ్మలను, ఒకడు గుత్తులను, ఒకడు పండ్లను మాత్రము కోయుదమనును. ఆఱవవాడు నేల రాలినవి చాలుననును. కడుపు నిండుట అందరికిని సమానమే, భావములోనే భేదము. గోడకు అందము తెచ్చుకొనుటలో కూడ మనము ఆర్గురిలో ఎవరమో నిర్ణయించుకొనవలెను.

పెద్దల పటముల సంగతి చూతము. అంగడిలో గల్లాపెట్టె వెనుక తండ్రిగారి ఛాయాచిత్రమును పెట్టి దండ వేయుట మంచి ఆచారము. ఆయన స్థాపన అది. కాని స్థాపన భావమును పిలువవలెను. తండ్రిగారు ఏమి విడిచిపెట్టిరి, ఎవరికి మాట ఇచ్చి నిలుపుకొనిరి అన్నది ఆ పటము చూచినపుడు జ్ఞప్తికి రావలెను. తక్కువ తూచి ఇచ్చుట, ఎక్కువ కొలిచి పుచ్చుకొనుట అచౌర్యవ్రతమునకు అతిచారములని శాస్త్రము. పైన తండ్రిగారి పటము, క్రింద తప్పుడు తూకము ఉన్నచో ఆ దండ ఎవరి మెడలోనిది? పటము వారసత్వమునకు సాక్ష్యమేగాని మనకు యోగ్యతాపత్రము కాదు.

అన్నిటికంటె సున్నితమైనది తీర్థంకరుల పటముల సంగతి. 1894 లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయము నెలకొల్పిన నాటినుండి రంగుల దేవతాపటములు పేదవాని గుడిసెకు కూడ చేరినవి. ఆ త్రోవలోనే భగవానుల చిత్రములు క్యాలెండరులమీద, శుభలేఖలమీద, సంచులమీద, డబ్బాలమీద అచ్చగుచున్నవి. పటము చౌకయైనది, మర్యాద చౌక కాలేదు. దేవాలయమున ఎనుబదినాలుగు ఆశాతనలను లెక్కించి జాగ్రత్తపడు మనము, జనవరి వచ్చుసరికి పాత క్యాలెండరును పొట్లము కట్టుటకు ఇచ్చివేయుచున్నాము. శుభలేఖమీది పార్శ్వనాథ స్వామి పెండ్లి మఱునాడు చెత్తకుండీలో ఉండుట చూచి బాధపడని ధార్మికుడు లేడు. దీనికి నివారణ పారవేయువానిచేతిలో కంటె అచ్చువేయించువానిచేతిలో ఎక్కువ కలదు. ఏడాదికి పనికిమాలునని తెలిసిన కాగితముమీద భగవానుని రూపమెందుకు? పైన ప్రభువు, క్రింద మన దుకాణపు పేరు, ఫోను నంబరు: ఇది భక్తియా, ప్రకటనయా అని వేసినవారే ఆలోచింపవలెను. తీర్థక్షేత్రపు కొండనో, అష్టమంగళములలో ఒకదానినో, మంచిమాటనో అచ్చువేసినను వినియోగదారునకు తిథులు కనబడును.

ఇంటిలో భగవానుని పటము ఎక్కడ ఉండవలెనని అడుగుదురు. భద్రావతికి పోయి కేసరియా పార్శ్వనాథ స్వామి యెదుట నిలిచినపుడు మనము ఎట్లుందుమో తలచుకొన్నచో సమాధానము దొరకును. ఆ సన్నిధిని ఏ మాటలు ఆడమో, ఏ పనులు చేయమో, అవి నడుచు గదిలో ఆయన పటముండుట తగదు. టెలివిజను పైన, చెప్పులు విడుచు చోట, పడకగదిలో, భోజనపు బల్ల యెదుట అలంకారముగ పెట్టుటకంటె, చిన్నదైనను శుచియైన మూల ఒకటి చాలును. మఱియు స్థానకవాసి, శ్వేతాంబర తేరాపంథీ సోదరులు మూర్తిపూజను అంగీకరింపరు. వారి గోడమీద రూపము లేకుండుట భక్తి లోపము కాదు; వారికి గుణస్మరణమే ఆలంబనము. ఒకే వంశములో రెండు సంప్రదాయములవారు వియ్యమందిన ఇండ్లు కలవు. అట్టి ఇంట గోడను వాదమునకు రంగస్థలము చేయకుండుటయే అనేకాంతము.

ఏడు గుఱ్ఱముల పటమునకు వత్తము. గుఱ్ఱములు అందమైన ప్రాణులు. చూడముచ్చటగ ఉన్నవని పెట్టుకొన్నచో ఆక్షేపణ లేదు. అది పెట్టినచో వ్యాపారము పరుగెత్తునని, తీసివేసినచో ఆగునని నమ్మి పెట్టుట వేఱు. సమంతభద్ర స్వామి మూఢతలను మూడుగ చెప్పి సమ్యగ్దర్శనమునకు వానిని అడ్డులన్నారు. వానిలో మొదటిది లోకమూఢత. ఫలము కర్మననుసరించి వచ్చునని ఉదయమున వ్యాఖ్యానములో తలయూపి, మధ్యాహ్నము బజారులో గుఱ్ఱముల దిక్కు సరిగ ఉన్నదా అని కొలుచుట మనకే నవ్వు తెప్పింపవలెను.

ఇక పరిగ్రహము. ఉమాస్వాతి ఆచార్యులు మమకారమునే పరిగ్రహమని నిర్వచించినారు. ఇంత బంగారము, ఇన్ని ఇండ్లు, ఇంత ధాన్యము అని పరిమాణవ్రతము పట్టువారు పటములను లెక్కలోనికి తేవడము చాల అరుదు. అది గోడలో భాగమనుకొందురు. నేడు పేరుగల చిత్రకారుల చిత్రములు భూములవలె ధర పెరుగు సరకైనవి. కొని, బీరువాలో దాచి, ధర పెరిగినపుడు అమ్మువారును కలరు. వ్యాపారముగ చేయుట వ్యాపారము లెక్కలోనికి వచ్చును. కాని దానిని కళాభిమానమనుకొనరాదు. వచ్చిన అతిథి చిత్రమును చూచునంతలో దాని వెల చెప్పవలెనని మన నోరు దురదపెట్టినచో, అక్కడ వ్రేలాడుచున్నది చిత్రము కాదు, వెలచీటి.

దీనికి ఎదురుగ ఒక ఉదాహరణము మన తెలుగునాటనే కలదు. గంగాధర చెంతనే కురిక్యాల గ్రామమున బొమ్మలగుట్ట కలదు. పదవ శతాబ్దమున, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు ఆ కొండరాతిమీద తీర్థంకరుల రూపములను, చక్రేశ్వరీదేవిని చెక్కించి, సంస్కృత కన్నడాంధ్ర భాషలలో శాసనము వేయించెను. అందులోని తెలుగు కందపద్యములు మన భాషాచరిత్రకే పెన్నిధియైనవి. ఆయన తన ఇంటి గోడను అలంకరించుకొన్నాడో లేదో లోకమునకు పట్టలేదు. దారినపోవు వారందరికి కొండనే గోడగ ఇచ్చినాడు. పెద్ద చిత్రము కొను శక్తి కలవాడు దానిని పాఠశాలకో, ఉపాశ్రయపు సభామందిరమునకో, వైద్యశాలకో ఇచ్చినచో కన్నులు నూరింతలగును, మమకారము సగమగును.

ఒక చిన్న సంగతి, కాని మనకు చిన్నది కానిది. బొగ్గుగనులు, విద్యుత్కేంద్రము ఉన్న ఈ ఊరిలో ధూళి ఎక్కువ. పటము గోడకు అంటుకొని ఉన్నచో వెనుక సాలెపురుగులు, బల్లులు, కీటకములు గూడు కట్టును. వానకాలమున చెమ్మ తగిలి బూజు పట్టును. ఆ బూజు జీవరాశియే. పటముపైన రాత్రి దీపము వెలిగించినచో పురుగులు వచ్చి పడును. పండుగకు ముందు ఒక్కసారి తీసి దులుపుటలో ఎన్ని ప్రాణములు పోవునో లెక్కలేదు. కనుక పటములు కొద్దిగ ఉండవలెను. గోడకు వ్రేలెడు ఎడముగ, గాలి ఆడునట్లు తగిలింపవలెను. నెలకు రెండుమార్లైన మెత్తని కుంచెతో మెల్లగ తుడువవలెను. యతన అనునది నడకలోనే కాదు, గోడమీద కూడ కలదు.

ఇన్ని చిక్కులున్నపుడు బోడిగోడయే మేలు కదా అని ఎవరైన అడుగవచ్చును. ఆ మాటలో బలమున్నది. ఏమియు లేని గోడ కనులకు విశ్రాంతి, మనస్సునకు ఏకాంతము. అట్టి ఇంటివారిని తక్కువచేయరాదు. కాని బోడిగోడ ఎంతకాలము బోడిగ ఉండును? మనము ఎంచుకొని పెట్టనిచోట బజారు తనకు తోచినది పెట్టును. సినిమాతార, మోటారుబండి, సబ్బు ప్రకటన తామే వచ్చి చేరును. మఱియు మన పెద్దలు సౌందర్యమును ద్వేషింపలేదు. తొమ్మిదవ శతాబ్దమున సిత్తన్నవాసలు గుహలో, మునులకొఱకు తొలిచిన చోటనే, కప్పుమీద తామరకొలనును చిత్రించిరి. చేపలు, హంసలు, ఏనుగులు, పూలు కోయు భవ్యులు అందులో కలరు. అందము వైరాగ్యమునకు శత్రువైనచో ఆ కొలను అక్కడ ఉండదు.

ఏమి పెట్టవచ్చునని అడిగినచో కొన్ని చెప్పుదును. పిల్లలు తిరుగు గదిలో లేశ్యల నేరేడుచెట్టును, త్రిశలామాత స్వప్నములను పెట్టవచ్చును. అవి శ్వేతాంబరులకు పదునాలుగు, దిగంబరులకు పదునాఱు. అంగడిలో మధుబిందు చిత్రము తగును: ఏనుగు తఱుమగా నూతిలో మఱ్ఱియూడ పట్టుకొని వ్రేలాడువాడు, ఊడను కొఱుకు తెల్ల నల్ల ఎలుకలు, క్రింద నోరు తెఱచిన సర్పములు, పైనుండి జాఱు తేనెబొట్టు; రక్షింప వచ్చిన విద్యాధరునితో ఇంకొక్క బొట్టు తరువాత వత్తుననుట. లాభమును లెక్కించుకొను చోట ఈ చిత్రముకంటె మంచి స్నేహితుడు లేడు. కొండలు, చెట్లు, పొలములు, పనిచేయు మనుష్యుల చిత్రములు ఏ గదికైనను తగును.

కాని ఎంత మంచి పటమైనను నిత్యము చూచిన కన్ను దానిని చూచుట మానును. దీనికి ఉపాయము మన ఆచారముననే కలదు. శత్రుంజయ తీర్థపటమును ఏడాది పొడుగున చుట్టి ఉంచి, కార్తిక పూర్ణిమనాడు విప్పి వ్రేలాడదీయుదురు. కొండకు పోలేనివారు ఆ పటము యెదుటనే యాత్రాభావమున వందనము చేయుదురు. ఒక్కదినము చూచినను అది ఏడాది నిలుచును. మన ఇంటి పటములను కూడ అప్పుడప్పుడు దించి, చుట్టి, మార్చి, కొన్నిటిని ఇతరులకిచ్చి, గోడను కొంతకాలము వట్టిగ ఉంచినచో చూపునకు పదును వచ్చును, మమకారము సడలును.

సోదర సోదరీమణులారా! రానున్న పర్యూషణమునకు, దశలక్షణ పర్వమునకు ముందు ఒక దినమున ఇంటివారందరు కూర్చుండి, గోడమీది పటములన్నిటిని మెల్లగ దింపుడు. ఒక్కొక్కదానిని చేతబట్టి, ఇది ఎందుకున్నదని పెద్దలు పిల్లలను, పిల్లలు పెద్దలను అడుగుడు. దేని క్రింద నిలిచి అబద్ధమాడుటకు, కోపపడుటకు, తక్కువ తూచుటకు కొంచెమైన సంకోచము కలుగునో దానిని మరల తగిలింపుడు. కారణము చెప్పలేనివానిని కావలసినవారికి ఇచ్చివేయుడు. మిగిలిన గోడ తెల్లగనే ఉండనిండు.